రెండు కొండలూ, నడుమ సూర్యుడూ

పిల్లలూ, ఈ వ్యాసం చదవబోయే ముందు ఒక చిన్న పని చెయ్యండి. ఒక తెల్లకాగితం తీసుకొని, పైన "మా ఊరు" అని రాసి, కింద ఒక బొమ్మ వెయ్యండి. అయిదు నిమిషాలు చాలు. అంతదాకా నేను ఆగుతాను.

వేశారా? మీ కాగితం నేను చూడలేదు. అయినా అందులో ఏమున్నదో చెప్పనా? వెనకాల త్రికోణాల్లాంటి రెండు కొండలు. వాటి నడుమ సగం పైకి వచ్చిన సూర్యుడు. కొండల మధ్య పుట్టి మెలికలు తిరుగుతూ కిందికి వచ్చే ఏరు. ఏటి ఒడ్డున ఒక గుడిసె, దాని పక్కన ఒక కొబ్బరిచెట్టు. ఆకాశంలో, 3 అంకెను పడుకోబెట్టినట్టు, నాలుగు పక్షులు.

ఇందులో మంత్రమేమీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లల కాగితాలు దిద్దినవాడిని. మా బడిలో డ్రాయింగు మాస్టారు లేకపోతే ఆ తరగతి కూడా నేనే తీసుకొనేవాడిని. ఏ ఊళ్ళో ఏ పిల్లవాడిని అడిగినా ఈ బొమ్మే వేస్తాడు. చిత్రమేమిటంటే, దివిసీమలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా ఇదే వేస్తారు. అవనిగడ్డ దగ్గర కాలవగట్టు ఎక్కి నాలుగు దిక్కులా చూడండి. వరిచేలు, తాటిచెట్లు, అరటితోటలు కనిపిస్తాయి గాని, కొండ అన్నది కనిపించదు. పోనీ, విజయవాడలో ఇంద్రకీలాద్రి ఉన్నది గదా అంటారా? ఉన్నది. కాని అది త్రికోణంలాగా ఉన్నదా? ఒకసారి వెళ్ళి చూచి చెప్పండి.

మరి ఆ రెండు కొండలు ఎక్కడి నుంచి వచ్చాయి? పక్కవాడి కాగితంమీది నుంచి. వాడికి? వాడి పక్కవాడి కాగితంమీది నుంచి!

పదికి రెండు మార్కులు

నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. ఎన్నో ఏళ్ళ కిందటి సంగతి. వేసవి సెలవులకు ముందు ఒకరోజు తరగతిలో "మా ఊరు" అని బొమ్మ వేయమన్నాను. ఒక్క అమ్మాయి తప్ప తరగతి మొత్తం రెండు కొండలు వేసింది. ఆ అమ్మాయి మాత్రం కాగితం నిండా వంకర గీతలు గీసింది. అవి ఒకదానితో ఒకటి కలుసుకొని, చిన్నా పెద్దా గళ్ళు గళ్ళుగా ఏర్పడ్డాయి. ఒక మూల ఏదో పిట్ట అడుగుజాడలు ఉన్నాయి. అంతే. కొండ లేదు, సూర్యుడు లేడు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాను.

"మా చేనండీ. కాలవ కట్టేశారు గదండీ, బీటలు వేసింది," అన్నది.

తరగతి అంతా నవ్వింది. నేను నవ్వకపోయినా, పదికి రెండు మార్కులు వేసి, "పక్కవాళ్ళు ఎట్లా వేశారో చూచి నేర్చుకో," అన్నాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. మరుసటి ఏడు ఆమె కాగితంమీద కూడా రెండు కొండలు మొలిచాయి. దానికి నేను ఎనిమిది మార్కులు వేశాను.

ఆ రెండు మార్కుల కంటె ఈ ఎనిమిది మార్కులే నన్ను ఎక్కువగా బాధిస్తాయి. ఎందుచేతనంటే, తరగతిలో నిజంగా తన ఊరిని చూచినది ఆమె ఒక్కతే. ఆ చూపును నా చేతులారా నేనే మాన్పించాను.

చీరె అంచు, కిటికీ తెర, పుస్తకం అట్ట, మందు డబ్బామీది గుర్తు, గోడకు అంటించే రంగు కాగితం – వీటన్నిటిమీదా ఉండే నమూనాలను ఎవరో ఒకరు గీస్తారు. అది ఒక వృత్తి. ఆ పనిలో ముఖ్యమైన మెట్లు మూడు: చూడడం, వదలడం, కలపడం. మన కృష్ణాతీరం ఈ మూడింటినీ నేర్పే పెద్ద బడి. ఒక్కొక్క మెట్టూ ఎక్కుదాం, రండి.

మొదటి మెట్టు: చూడడం

ఆ అమ్మాయి వేసిన బీటలతోనే మొదలుపెడదాం. నల్లరేగడి మట్టి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకొంటుంది. వేసవిలో కాలవలకు నీరు ఆపివేస్తారు గదా, అప్పుడు చేను పైపొర నాలుగు వైపులా ముడుచుకుపోవాలని చూస్తుంది. కాని కిందిపొర దానిని కదలనివ్వదు. అటూ ఇటూ లాగుడు ఎక్కువై చివరకు మట్టి పగులుతుంది. మొదట ఒక పొడుగాటి బీట పడుతుంది. తరువాత పడిన బీట దానిని చేరుకొనేటప్పుడు ఇంచుమించు నిలువుగా వచ్చి, రైలు పట్టాల కింది దిమ్మ పట్టాను కలిసినట్టు కలుస్తుంది. పాత బీటకు అడ్డంగా ఉన్న లాగుడు అప్పటికే సడలిపోయి, దాని వెంట నడిచే లాగుడే మిగలడం ఇందుకు కారణం. ఒకే నేల మళ్ళీ మళ్ళీ తడిసి ఎండుతూ ఉంటే ఈ మూలలు మెల్లగా మారి, మూడు బీటలు సమంగా కలిసే చోట్లు ఎక్కువవుతాయి. అప్పుడు గళ్ళు తేనెపట్టు గళ్ళను పోలుతాయి. ఇదంతా ఆ అమ్మాయికి తెలియదు. కాని ఆమె గీతలు సరిగ్గా అట్లాగే కలుసుకొన్నాయి! శాస్త్రజ్ఞుడికీ చిత్రకారుడికీ మొదటి పని ఒకటే: ఉన్నది ఉన్నట్టు చూడడం.

మన పెద్దవాళ్ళు ఇట్లా చూచినవారే. కావాలంటే నమూనాల పేర్లు వినండి. పట్టుచీరె అంచుమీద వరుసగా కోసుగా లేచే మొనలను కోటకొమ్మలు అంటారు; అవి కోటగోడమీది కొమ్మలే. గుండ్రని గింజలు వరుసగా ఉంటే రుద్రాక్ష అంచు. అమ్మమ్మ మెడలో మామిడిపిందెల హారం, జడలో చామంతి బిళ్ళ. సంక్రాంతి నెలలో వాకిట వేసే ముగ్గులలో తామరపూలు, చెరకుగడలు, పాముల మెలికలు, రథాలు. కొండపల్లి బొమ్మల అంగడికి వెళితే ఎడ్లబండి, నీళ్ళు మోసే ఆడమనిషి, తాటిచెట్టు ఎక్కే గీతగాడు, అంబారీ ఏనుగు కనిపిస్తాయి. ఆ బొమ్మలు చేసేవారు తెల్లపొణికి అనే తేలికైన కర్రను చెక్కి, చింతగింజల పిండితో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడుస్తారు. కర్ర అడవిది. ఆకారం మాత్రం వీధిలోనిది.

మామిడిపిందె సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఒక పక్కకు తల వంచిన ఆ ఆకారం మన చీరెలమీదే కాదు, కాశ్మీరు శాలువలమీద, ఇరాను తివాచీలమీద కూడా ఉన్నది. ఇరానువాళ్ళు దానిని 'బూతె' అంటారు. అంటే పొద, మొక్క అని అర్థం. ఇంగ్లీషువాళ్ళు 'పైస్లీ' అంటారు. అది కాశ్మీరు శాలువలను అనుకరించి నేసిన ఒక స్కాట్లండు ఊరి పేరు. మనవాళ్ళకు మాత్రం ఫాల్గుణమాసంలో పెరటి చెట్టున వేలాడే పిందె కనిపించింది. వంకర ఒకటే అయినా, ఎవరి వాకిట్లో ఉన్నది వారికి కనిపించింది.

ఇట్లా చూచేవారు మన దేశంలోనే ఉన్నారనుకోకండి. ఇంగ్లండులో విలియం మారిస్ అనే ఒక పెద్ద నమూనాకారుడు ఉండేవాడు. థేమ్సు నది పక్కన కెల్మ్‌స్కాట్ అనే పల్లెలో ఆయనకు ఒక పాత ఇల్లు, తోట ఉండేవి. తోటలో స్ట్రాబెర్రీ పండ్లు ఎర్రబడగానే థ్రష్ అనే పిట్టలు వల కింద నుంచి దూరి వాటిని ఎత్తుకుపోయేవి. ఇంకొకరైతే రాళ్ళు విసిరేవారు. మారిస్ కూర్చుని చూచాడు. 1883లో ఆ పిట్టలనూ, పండ్లనూ, ఆకులనూ కలిపి ఒక గుడ్డ నమూనా గీశాడు. దాని పేరు 'స్ట్రాబెర్రీ దొంగ'. నీలిమందుతో రంగు వేసి, కొయ్య అచ్చులతో అద్దిన ఆ గుడ్డ ఈనాటికీ ప్రపంచమంతా పేరుపొందినది. మన జామచెట్టుమీద చిలకలు చేసే పని కూడా అదే గదా! మీలో ఎంతమంది వాటిని తరిమే ముందు రెండు నిమిషాలు నిలబడి చూచారు?

రెండో మెట్టు: వదలడం

చూచినదంతా గీస్తే అది నమూనా కాదు. అందులో ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్నది తెలియాలి. ఇది చూడడం కంటె కష్టం.

విజయవాడ నుంచి కృష్ణ వెంట ఎగువకు వెళితే కుడిగట్టున అమరావతి ఉన్నది. సుమారు రెండువేల ఏళ్ళ కిందట అక్కడ ఒక మహాస్తూపం వెలిసింది. దాని చుట్టూ పలనాటి సున్నపురాయితో కట్టిన ప్రాకారపు స్తంభాలమీద పెద్ద పెద్ద తామరపూలు చెక్కారు. వాటిలో కొన్ని ఇప్పుడు చెన్నపట్నం మ్యూజియంలో, కొన్ని లండన్‌లో, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. ఈసారి చూచినప్పుడు ఒక సంగతి గమనించండి. చెరువులో తామరకు కాడ ఉన్నది, ఆకు ఉన్నది, ఆకుమీద నీటిబొట్టు ఉన్నది, కింద బురద ఉన్నది. శిల్పి వీటన్నిటినీ వదిలేశాడు. పువ్వును ఎదురుగా తిప్పుకొని, మధ్యలో గింజల దిమ్మె, దాని చుట్టూ రేకుల వరుస, ఆ వరుస చుట్టూ మరొక వరుస – ఇంతే ఉంచాడు. అయినా దానిని చూచిన ఏ పసివాడూ "ఇది ఏమి పువ్వు?" అని అడగడు. ఎంత వదిలినా గుర్తు చెడకపోతే ఆ వదలడం సరైనదన్నమాట.

ఇంతకంటె గొప్ప ఉదాహరణ మన జెండా. మచిలీపట్నం దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు 1921లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సమావేశం జరిగినప్పుడు గాంధీజీకి ఒక జెండా నమూనా ఇచ్చారు. అందులో ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఉన్నాయి. గాంధీజీ దానికి తెలుపు కూడా చేర్చాలన్నారు. జెండామీది గుర్తు రాట్నం. సింహం కాదు, కత్తి కాదు, కిరీటం కాదు. ఇంట్లో అమ్మమ్మ ముందు కూర్చునే రాట్నం! నిత్యం చూచే వస్తువు దేశానికి గుర్తు కావడమంటే ఇదే.

1947 జూలై 22న రాజ్యాంగసభ ఇప్పటి జెండాను ఆమోదించింది. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. జెండాకు రెండు ముఖాలు ఉంటాయి. రాట్నానికి ఒక కొసన చక్రం, మరొక కొసన కదురు. ఒక వైపు నుంచి చూస్తే చక్రం ఎడమ పక్క ఉంటే, అవతలి వైపు నుంచి చూస్తే కుడి పక్కకు పోతుంది. రెండు వైపులా గుర్తు ఒకే తీరుగా ఉండాలి గదా అని నెహ్రూగారు సభలో వివరించారు. అందుకని కదురు, దారం అన్నీ వదిలి చక్రం మాత్రం ఉంచారు. ఆ చక్రాన్ని సారనాథ్‌లోని అశోకుని స్తంభం నుంచి తీసుకొన్నారు. దానికి ఆకులు 24. ఇటు నుంచి చూచినా, అటు నుంచి చూచినా అది ఒక్క తీరే. మూడు రంగుల పట్టీలు, ఒక చక్రం: రెండో తరగతి పిల్లవాడు కూడా చూడకుండా గీయగలడు. మంచి గుర్తుకు ఇంతకంటె పరీక్ష లేదు.

మూడో మెట్టు: కలపడం

ప్రకాశం బారేజిమీద నడిచి వెళ్ళారా? 1957లో పూర్తయిన ఆ కట్టడానికి 70 ఖానాలు ఉన్నాయి. ఒక్క ఖానాను విడిగా చూస్తే అందులో పెద్ద అందమేమీ లేదు. అదే ఖానా మళ్ళీ మళ్ళీ వచ్చి, కింద నీళ్ళలో దాని నీడ కూడా మళ్ళీ మళ్ళీ వచ్చినప్పుడు కన్ను వెంట పరుగెత్తుతుంది. కలపడంలో ఉండే బలం అది.

దీనిని బాగా తెలిసినవారు పెడన అద్దకంవారు. విజయవాడకు సుమారు 70 కిలోమీటర్ల దూరాన మచిలీపట్నం, దానికి దగ్గరలోనే పెడన ఉన్నాయి. అక్కడి కలంకారీ గుడ్డలు మీ ఇళ్ళలో ఉండే ఉంటాయి. 'కలం' అంటే పేరుకు తగినట్టు శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. బందరు ప్రాంతంలో మాత్రం ఎక్కువగా టేకు అచ్చులతో అద్దుతారు.

ముందు గుడ్డను బాగా ఉతికి, కరక్కాయ రసమూ గేదెపాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్ళలో చాలా రోజులు ఊరవేస్తే ఒక ద్రవం తయారవుతుంది. దానితో అచ్చు వేయగానే కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నల్లని గీత అవుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళతో అద్దుతారు. అప్పుడు అక్కడ పెద్దగా ఏమీ కనిపించదు. గుడ్డను పారే నీళ్ళలో జాడించి, ఎర్రరంగు నీళ్ళలో కాచితే, పటిక పడిన చోటే ఎరుపు పట్టుకొంటుంది. తక్కిన చోట్ల అంటినది ఉతుకుల్లో పోతుంది. కాలవలున్న దేశంలో ఈ విద్య పెరగడంలో వింత లేదు. విలియం మారిస్ కూడా లండన్ దగ్గర వాండిల్ అనే ఏటి ఒడ్డునే తన అద్దకపు కార్ఖానా పెట్టుకొన్నాడు.

ఇప్పుడు అచ్చు సంగతి. జానెడు అచ్చుతో గజాల కొద్దీ గుడ్డ నింపాలి. కనుక అచ్చు కుడి అంచున సగంలో ఆగిన తీగ, పక్కన మళ్ళీ అచ్చు వేసినప్పుడు దాని ఎడమ అంచున ఉన్న తీగతో అతకాలి. పై అంచు కింది అంచుతో అతకాలి. ఒక్క వెంట్రుకవాసి తేడా వచ్చినా గుడ్డంతా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అంతేకాదు, నల్లగీతకు ఒక అచ్చు, ఎరుపుకు ఒక అచ్చు, పసుపుకు ఒక అచ్చు. ఇవన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. చెక్కేవాడి చేతిలో ఉలి మాత్రమే కాదు, లెక్క కూడా ఉన్నది.

ఈ లెక్క సముద్రాలు దాటింది. ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్నంలో వర్తకశాల పెట్టారు. మన తీరపు చీటిగుడ్డలు దుప్పట్లుగా, మంచపు తెరలుగా, అంగీలుగా యూరపు ఇళ్ళలోకి వెళ్ళాయి. అక్కడి ఆడవాళ్ళకు అవి ఎంత నచ్చాయంటే, పట్టూ ఉన్నీ నేసే అక్కడి వాళ్ళు తమకు పని పోతున్నదని గోలపెట్టారు. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్ళీ 1721లో ఇటువంటి గుడ్డలను నిషేధిస్తూ చట్టాలు చేశాయి. ఆలోచించండి: ఆకులు, పూలు, తీగలు ఉన్న గుడ్డను ఆపడానికి రాజులు చట్టాలు చేయవలసి వచ్చింది!

మీరు చేయవలసిన పని

ఇక మీ వంతు. వంటింట్లోకి వెళ్ళండి. కత్తి మాత్రం పెద్దవాళ్ళ చేతికి ఇవ్వండి.

బెండకాయను అడ్డంగా కోయించండి. లోపల అయిదు గదుల పువ్వు ఉంటుంది. ఒక్కొక్క కాయలో ఆరో ఏడో గదులు కూడా ఉంటాయి, లెక్కపెట్టండి. బీరకాయను అడ్డంగా కోస్తే చుట్టూ పది మొనలు ఉంటాయి. అరటి డొప్పను కోస్తే చిన్న చిన్న గదులు వరుసగా అమర్చిన చంద్రవంక కనిపిస్తుంది. ఉల్లిపాయలో ఒకదానిలో ఒకటి ఇమిడిన ఉంగరాలు ఉన్నాయి. ఇవన్నీ ఉలి పట్టనక్కరలేని అచ్చులు.

ఒక తెల్లకాగితానికి పసుపు కలిపిన నీళ్ళు పూసి ఆరనివ్వండి. తమలపాకుకు రాసే సున్నాన్ని కొద్దిగా నీళ్ళలో కలిపి, కోసిన బెండకాయను అందులో ముంచి కాగితంమీద అద్దండి. పసుపు కాగితంమీద ఎర్రని పువ్వు విచ్చుకొంటుంది! దిష్టి తీసేటప్పుడు చేసే ఎర్రనీళ్ళ రహస్యం ఇదే: సున్నం వంటి క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. కొన్నాళ్ళకు ఈ రంగు వెలిసిపోతుంది. అందుకే పెడనవారు పటికను వాడేది. సున్నం కళ్ళలో పడకుండా చూసుకోండి. పని కాగానే చేతులు కడుక్కోండి.

ఇప్పుడు అతుకు తెలియని నమూనా చేద్దాం. జానెడు చదరపు కాగితం తీసుకోండి. మీరు చూచినది ఏదైనా, చింతాకు గాని, పీత గాని, సైకిలు గంట గాని, అంచులకు తగలకుండా నడుమ గీయండి. కాగితాన్ని నిలువుగా సరిగ్గా రెండు ముక్కలు చేసి, ఎడమ ముక్కను కుడికి, కుడి ముక్కను ఎడమకు మార్చి వెనక అంటించండి. తరువాత అడ్డంగా రెండు ముక్కలు చేసి, పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చి అంటించండి. మీ బొమ్మ నాలుగు మూలలకు పోయి, నడుమ ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో మరొక బొమ్మ గీయండి. ఇదే మీ అచ్చు. దీనిని పలుచని కాగితంమీద పక్కపక్కనే, కిందా పైనా ఎత్తి గీస్తూ పోండి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఎవరూ కనిపెట్టలేరు. దానితో పుస్తకాలకు అట్టలు వేసుకోండి. దీపావళికి చుట్టాలకు పంపే ఉత్తరాల కవర్లు చేయండి. గోడమీద పాత క్యాలెండరు ఉన్నచోట దానిని అంటించండి. ఇల్లు మీదవుతుంది.

తల్లిదండ్రులతో ఒక మాట

ఈ రోజుల్లో లక్ష నమూనాలు కావాలంటే వేలితో తాకగానే వస్తాయి. అవి చూడవద్దని నేను అనను. అయితే అవి ఎవరో ఎక్కడో చూచినవాటి నకళ్ళు. ఇంకొకరు కాపీ చేస్తే ఆ నకళ్ళకు మళ్ళీ నకళ్ళు. రెండు కొండలు తరగతంతా పాకినట్టు, ఒకే రకం తెర, ఒకే రకం గోడ ఊరంతా పాకుతున్నాయి.

పెడన అచ్చులకు వచ్చిన కష్టమూ ఇదే. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా అదే నమూనాను యంత్రంమీద అచ్చొత్తిన గుడ్డ చవకగా దొరుకుతున్నది. చేతి అచ్చు చెక్కడానికి రోజులు పడుతుంది. దాని నకలుకు ఒక్క ఫొటో చాలు. ఈసారి కలంకారీ గుడ్డ కొనేటప్పుడు పిల్లల చేతికి ఇచ్చి చూడమనండి. చేతి పనిలో రంగు వెనక్కు కూడా దిగి ఉంటుంది. అచ్చుకూ అచ్చుకూ మధ్య ఎక్కడో ఒకచోట ఆ మనిషి చేయి కొంచెం కదలిన గుర్తు ఉంటుంది. అది లోపం కాదు, సంతకం. ఆ తేడా కనిపెట్టగల కళ్ళు ఊళ్ళో ఉన్నంతకాలం ఆ ఉలికి పని ఉంటుంది. కనిపెట్టగల కళ్ళు లేకపోతే ఏ గుర్తింపు పత్రమూ దానిని నిలబెట్టలేదు.

పిల్లలూ, మొదట వేసిన కాగితం పక్కన పెట్టారు గదా? మరొక తెల్లకాగితం తీసుకొని, ఈసారి ఇంట్లో కాదు, బయటకు వెళ్ళి "మా ఊరు" మళ్ళీ వెయ్యండి. ఊరంతా వేయనక్కరలేదు. రేవులో మెట్లమీద పాకిన నాచు చాలు. కుప్పవేసిన వరికంకులు చాలు. బస్సు కిటికీ ఊచల నీడ చాలు. నిజంగా చూచినది ఒక్కటి ఉంటే చాలు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఏది మీదో మీరే చెప్పండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. ఆమె పిల్లలు ఈ పత్రిక చదివే వయసువాళ్ళే అయి ఉండవచ్చు. ఈ వ్యాసం ఆమె కంట పడితే ఒక్క మాట: అమ్మా, నీ చేను బొమ్మకు పదికి పది మార్కులు. దిద్దడంలో తప్పు నాది. పెన్సిలు మళ్ళీ పట్టుకో.